పాత అంబాసిడర్‌కి ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు ఎక్కించాలంటే

మా కావలిలో నా బండి చూసినోళ్ళు అడిగేది ఒకటే మాట, అన్నా డిస్కులు ఎక్కించావంట కదా, ఏ బండి డిస్కు సరిపోతది చెప్పు అని. అడగాల్సింది అది కాదబ్బా అంటే ఎవురూ వినరు. డిస్కుదేముంది, లేత్ షాపోడు తల్చుకుంటే దేన్నైనా దేనికైనా కూర్చోబెడతాడు. అసలు పనంతా పెడల్ కింద ఉంటది, మాస్టర్ సిలిండర్ కాడ, అంటే మీరు తొక్కితే బ్రేక్ ఆయిల్ ని పైపుల్లోకి తోసే సిలిండర్ కాడ. అది తెలవక చక్రాల కాడ మెరిసే డిస్కులు పెట్టుకోని, పెడల్ మీద నిలబడి తొక్కినా బండి ఆగక మళ్ళా డ్రమ్ములు ఎక్కించుకున్నోళ్ళని ఇద్దర్ని చూశా నేను. నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నా, ఓపికుంటే మొత్తం చదవండి, లేకపోతే బ్రేక్ పైపుల్లో గాలి బుడగలు తీసే కాడికి, అదే ఎయిర్ తీసే కాడికి పొయ్యి ఆ ఒక్కటన్నా చదవండి.

బండి సంగతి ముందు. 86 మోడల్ మార్క్ 4, పెట్రోల్, 1489 సీసీ పాత ఇంజను, మా నాయన తోలిన బండి. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, అంటే చక్రంతో తిరిగే ఇనప గిన్నెని లోపల నుంచి రెండు షూలు తెరుచుకోని పట్టేవి. డిస్క్ అయితే చక్రంతో తిరిగే పళ్ళాన్ని రెండు ప్యాడ్లు అటూ ఇటూ నొక్కతాయి. మాస్టర్ సిలిండర్ ఇప్పటి బండ్లలో మాదిరి బానెట్ కింద కనపడదు, డ్రైవర్ కాళ్ళ కింద ఫ్లోర్ కి అడుగున ఉంటది, బ్రేక్ ఆయిల్ పొయ్యాలంటే మ్యాట్ ఎత్తి మూత తియ్యాల. బూస్టర్, అంటే కాలు బలానికి ఇంజను వాక్యూమ్ తోడిచ్చే డబ్బా, లేదు. ఒకటే లైను, అంటే నాలుగు చక్రాల్లో ఏ ఒక్క పైపు పగిలినా నాలుగూ పోతాయి, చేతిలో మిగిలేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే.

నాకు ఈ డిస్కుల పిచ్చి పట్టింది శ్రీశైలం నుంచి దిగేటప్పుడు. దోర్నాల ఘాట్ రోడ్డు తెలుసు కదా, మలుపు మీద మలుపు. బండి నిండా జనం, పైన లగేజీ, మూడో గేర్లో దిగతా ఉండా. సగం దిగేటప్పటికి పెడల్ గట్టిగానే ఉంది కానీ బండి మాత్రం ఆగడం లేదు, ముందు చక్రాల కాడ నుంచి కాలిన వాసన. బ్రేక్ ఫెయిల్ కాదది. డ్రమ్ము వేడెక్కితే ఉబ్బి షూలకి దూరం జరగతది, షూ మీద అంటించిన లైనర్ కూడా వేడికి పట్టు వదిలేస్తది, ఆ వేడి పోయేదానికి డ్రమ్ములో దారే లేదు, మూత పెట్టిన గిన్నె మాదిరే. పక్కన ఆపి అరగంట చల్లారనిచ్చి, రెండో గేర్లో ఇంజను పట్టు మీద దిగినాం. డిస్క్ అయితే గాలికి బయటే తిరగతా ఉంటది కాబట్టి త్వరగా చల్లారతది, వేడికి ఉబ్బినా ప్యాడ్ల వైపుకే ఉబ్బతది గానీ దూరం పోదు. ఇంకోటి నీళ్ళు. నెల్లూరులో నవంబర్ వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి ఎట్టా నిండతదో చెప్పబళ్ళేదు, అందులో నుంచి పైకొచ్చినాక మొదటి రెండు మూడు బ్రేకులు దేవుడి మీద భారమే డ్రమ్ములకి. డిస్కు రెండు చుట్లు తిరిగితే నీళ్ళు ఇసిరేస్తది.

మొదట డ్రమ్ములు సరిగ్గా ఉండాయేమో చూసుకోండి

మా మెకానిక్ భాయ్, నెల్లూరు ఆటోనగర్లో పాత బండ్లు చేసే మనిషి, నేను డిస్కులు అనంగానే నవ్వి, ముందు నీ షూలు అడ్జస్ట్ చెయ్యనియ్ సామీ, అప్పుడు కూడా కావాలంటే మాట్లాడదాం అన్నాడు. చక్రం లేపి తిప్పి చూస్తే షూకి డ్రమ్ముకి మధ్యన బో గ్యాపు. వెనక ఒక వీల్ సిలిండర్, అంటే షూలని తెరిచే చిన్న సిలిండర్, కారి లైనర్ అంతా ఆయిల్ పట్టేసి ఉంది. డ్రమ్ములు టర్నింగ్ కొట్టించి, కొత్త లైనర్లు ఏయించి, సిలిండర్లకి రబ్బరు కప్పులు మార్చి అడ్జస్ట్ చేసేటప్పటికి బండి సగం కొత్తదయ్యింది. నిజం చెప్పాలంటే ఊర్లో తోలుకునే బండికి అది చాలు. డిస్కులు కావాలనుకునే పది మందిలో సగం మందికి కావాల్సింది ఈ సర్వీసే అని నా లెక్క. నేను హైవే ఎక్కి ఒంగోలుకి, నెల్లూరికి తిరిగే మనిషిని, స్పీడు రెండింతలైతే బ్రేకులు మింగాల్సిన వేడి నాలుగింతలు అవుతది, అందుకని ఆగలేదు.

ఒక జాగ్రత్త. పాత షూల లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే రోజులవి. డ్రమ్ము ఊడదీయంగానే ఎయిర్ గన్నుతో ఊదే అలవాటు మన షాపుల్లో బాగా ఉంది, ఆ నల్ల పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడి గుడ్డతో తుడిచి కవర్లో కట్టి పారెయ్యండి, మూతికి మాస్కు పెట్టుకోండి.

సామాను ఎక్కడిది తేవాల

రొండు దారులు ఉండాయి. ఒకటి, తర్వాత వచ్చిన అంబాసిడర్లు, ఐసుజు ఇంజను బండ్లలో కొన్నిటికి కంపెనీయే ముందు డిస్కులు, బూస్టర్ పెట్టి ఇచ్చింది. అట్టాంటి బండి తుక్కుకి వచ్చిందని తెలిస్తే పరిగెత్తండి. ముందు చక్రం తిరిగే ఇరుసు, అదే స్టబ్ యాక్సిల్, దాని మీది హబ్బు, డిస్కు, ప్యాడ్లని నొక్కే కాలిపర్, హోస్ పైపులు, బూస్టర్, రెండు లైన్ల టాండెం మాస్టర్ సిలిండర్, పెడల్ సెట్టు, ఆయిల్ డబ్బా, చివరికి చిన్న క్లిప్పులతో సహా ఒకే బండి నుంచి మొత్తం తీసుకోండి. ఒక కాలిపర్ ఈ బండిది, మాస్టర్ ఆ బండిది అని ఏరుకుంటే తర్వాత ఏడవాల. నేను ఈ దారిలోనే పోయా, మూడు నెలలు పట్టింది సామాను దొరికేదానికి.

రెండోది మారుతి లాంటి వేరే కంపెనీ బండి డిస్కు, కాలిపర్ తెచ్చి లేత్ షాపులో బ్రాకెట్ చేయించడం. ప్రీమియర్ పద్మినీ కారు ఉన్నోళ్ళు ఎక్కువ ఇట్టా చేస్తారు. చెయ్యొచ్చు, కానీ బ్రాకెట్ అంటే చక్రం ఆపే ఫోర్సు అంతా దాని మీదే పడతది, కనీసం 10 ఎంఎం మందం ప్లేటు ఉండాల, బోల్టులు తల మీద 8.8 గానీ 10.9 గానీ అచ్చు ఉండేవి వాడాల, హార్డ్‌వేర్ షాపులో కేజీల లెక్కన ఇచ్చే బోల్టులు కాదు. స్టబ్ యాక్సిల్ మీద మాత్రం వెల్డింగ్ పెట్టనియ్యబాకండి, లేత్ ఆయన ఎంత ధైర్యం చెప్పినా సరే. అది ఫోర్జింగ్ చేసిన ఇనుము, వెల్డింగ్ వేడికి దాని గుణం మారిపోయి పెళుసెక్కతది, ఇరిగిన రోజున చక్రం మీ కంటే ముందు పోతా కనపడతది.

ఏ దారైనా డబ్బులు కట్టకముందే మీ చక్రం తీసుకుపొయ్యి కాలిపర్ మీద పెట్టి చూడండి. అంబాసిడర్ది 15 ఇంచీల రిమ్ము కాబట్టి లోపల చోటు బాగానే ఉంటది, పద్మినీది 14, కాస్త ఇరుకు. కాలిపర్ కి రిమ్ముకి మధ్య చుట్టూ మూడు ఎంఎం అన్నా ఖాళీ ఉండాల, బ్యాలెన్సింగ్ కి రిమ్ము లోపల అంటించే సీసం బిళ్ళలు కూడా లెక్కలో పెట్టుకోండి, మా తెలిసినాయనకి ఆ బిళ్ళ కాలిపర్ కి గీసుకోని రెండు రోజులు బేరింగ్ పోయిందని ఎతికినారు. నట్ల పీసీడీ, అంటే నట్లు కూర్చునే వలయం కొలత, ముందూ వెనకా ఒకటే ఉందో లేదో చూడండి, లేకపోతే రెండు రకాల స్టెప్నీలు మోసుకోని తిరగాల.

సెకండ్ హ్యాండ్ డిస్కు తెస్తే అంచు మీదో హబ్బు కాడో కనీస మందం ఎంతో అచ్చు కొట్టి ఉంటది, మైక్రోమీటర్ తో కొలిపించండి, అంతకన్నా తగ్గితే వద్దు. కాలిపర్ పిస్టన్లు బయటికి తీసి తుప్పు గుంటలు ఉండాయేమో చూడాల, మాది సముద్రం గాలి తగిలే ఊరు, ఇక్కడ తిరిగిన బండ్ల పిస్టన్లు నూటికి తొంభై పట్టేసి ఉంటాయి. సీల్ కిట్టు మాత్రం కొత్తది, అందులో బేరం లేదు.

మాస్టర్ సిలిండర్, అసలు కథ

డ్రమ్ములో ఒక చిత్రం ఉంది. చక్రం తిరిగే వైపుకి ఉన్న షూని డ్రమ్మే లోపలికి లాక్కుంటది, అంటే మీరు తొక్కింది కొంచెం, అది పట్టేది ఎక్కువ. ముందు చక్రాల్లో రెండు షూలూ అట్టాంటివే. డిస్కుకి ఈ గుణం లేదు, మీరు ఎంత తొక్కితే అంతే. అందుకనే బూస్టర్ లేకుండా డిస్కులు ఎక్కిస్తే పెడల్ రాయి మాదిరి ఉంటది. పైన చెప్పిన ఇద్దరికీ జరిగింది ఇదే.

ఇంకో లెక్క ఆయిల్ ది. కాలిపర్ పిస్టన్ 50 ఎంఎం చుట్టుపక్కల ఉంటది, డ్రమ్ము వీల్ సిలిండర్ దాంట్లో సగం వెడల్పు కూడా ఉండకపోవచ్చు. అంత పెద్ద పిస్టన్ ని కదిలించాలంటే ఎక్కువ ఆయిల్ కావాల. మాస్టర్ బోరు చిన్నదైతే ప్రెషర్ బాగా వస్తది కానీ ఆయిల్ తక్కువ తోస్తది, పెడల్ ఫ్లోర్ దాకా పోతది. బోరు పెద్దదైతే పెడల్ పైనే పట్టేస్తది కానీ ప్రెషర్ తగ్గతది. 19 ఎంఎం బోరు, 22 ఎంఎం బోరు పక్కపక్కన పెడితే, కాలు ఒకే బలంతో తొక్కినా 19 దాంట్లో ప్రెషర్ దాదాపు మూడో వంతు ఎక్కువ. మూడు ఎంఎం తేడాకి అంత. అందుకే చెప్పేది, కాలిపర్ ఏ బండిదో మాస్టర్, బూస్టర్ ఆ బండివే ఉంటే ఈ లెక్కలన్నీ కంపెనీవోళ్ళు ముందే ఏసి పెట్టినట్టు.

డ్రమ్ము బండి మాస్టర్ లో లోపల ఒక చిన్న వాల్వు ఉంటది, కాలు తీసినాక కూడా లైన్లో 10 పీఎస్ఐ దాకా ప్రెషర్ పట్టి ఉంచే వాల్వు, వీల్ సిలిండర్ కప్పులు గాలి పీల్చకుండా. ఆ ప్రెషర్ డిస్కు లైన్లో ఉంటే ప్యాడ్లు డిస్కుని ఎప్పుడూ రాస్తానే ఉంటాయి, డిస్కు ఎర్రగా కాలతది, మైలేజీ పడిపోతది. అట్టాగని వాల్వు తీసేసి పాత మాస్టర్ నే ఫ్లోర్ కింద ఉంచితే ఇంకో గోల, మాస్టర్ కిందా కాలిపర్ పైనా అయిపోతది, ఆయిల్ మెల్లగా వెనక్కి జారి పొద్దున్నే మొదటి తొక్కు గాల్లోకి పోతది. దానికి డిస్కు లైన్లో 2 పీఎస్ఐ వాల్వు పెడతారు. మాస్టర్ ని పైకి తెస్తే ఆ బాధే లేదు.

నేను పైకే తెచ్చా. తెచ్చిన పెడల్ సెట్టు, బూస్టర్, టాండెం మాస్టర్ బానెట్ లోపలి వైపు, ఇంజనుకీ మనకీ మధ్య అడ్డంగా ఉండే రేకు, అదే ఫైర్‌వాల్ కి బిగించినాం. టాండెం అంటే ఒకే బాడీలో రెండు పిస్టన్లు, ముందు చక్రాలకి ఒక లైను, వెనక చక్రాలకి ఒక లైను, ఒకటి పగిలినా రెండోది బండి ఆపతది. నన్ను అడిగితే డిస్కుల కన్నా ఇదే పెద్ద లాభం, డిస్కులు వద్దనుకున్నోళ్ళు కూడా ఇదొక్కటి చేయించుకోవచ్చు, డ్రమ్ములకి పనికొచ్చే టాండెం చూసి.

ఫైర్‌వాల్ రేకు ఆ బరువుకి చేసింది కాదు. మొదట ఉత్త రేకుకే బిగించినాం, భాయ్ వాళ్ళ కుర్రోడు సీట్లో కూర్చోని పెడల్ తొక్కతా ఉంటే నేను బానెట్ లోకి తలపెట్టి చూశా. తొక్కినప్పుడల్లా బూస్టర్ మొత్తం ముందుకి వంగతా ఉంది, రేకు శ్వాస పీలుస్తా ఉన్నట్టు లోపలికీ బయటికీ పోతా ఉంది. కాలు బలమంతా రేకు ఒంచేదానికే సరిపోతే ఇంక బ్రేకుకి ఏం మిగలతది. మూడు ఎంఎం ప్లేటు కొట్టించి, రేకుకి అటూ ఇటూ పెట్టి శాండ్‌విచ్ మాదిరి బిగిస్తే కదలడం ఆగింది. మీరు కూడా ఈ పరీక్ష చెయ్యండి, కళ్ళతోనే కనపడతది.

పెడల్ కడ్డీకి మాస్టర్ లేదా బూస్టర్ కి మధ్య ఒక ఎంఎం అన్నా లూజు ఉండాల. ఇది చిన్న విషయం అనిపిస్తది కానీ పాత బండ్ల బ్రేకులు పట్టేసేది సగం దీనివల్లే. లూజు లేకపోతే మాస్టర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ డబ్బాలోకి తిరిగిపోయే సన్న రంధ్రం మూసుకోనే ఉంటది, వేడికి ఆయిల్ ఉబ్బి పోయేదానికి దారి లేక బ్రేకు దానంతట అదే పట్టుకుంటది. ఇంటి కాడ బాగుంటది, పది కిలోమీటర్లు పోయినాక బండి ముందుకి కదలదు.

బూస్టర్ కి వాక్యూమ్ ఇంజనులోకి గాలి పొయ్యే గొట్టం, అదే మానిఫోల్డ్ నుంచి వస్తది, పెట్రోల్ బండికి ఒక నిపుల్ తొడిగి, మధ్యలో వన్ వే వాల్వు ఉన్న గట్టి హోస్ ఏస్తే చాలు. డీజిల్ అంబాసిడర్ వాళ్ళు గుర్తుపెట్టుకోండి, డీజిల్ ఇంజను మానిఫోల్డ్ లో ఆ వాక్యూమ్ ఉండదు, ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు ఉండేది ఏయించుకోవాల. బూస్టర్ పని చేస్తా ఉందో లేదో తెలవాలంటే, ఇంజను ఆపి పెడల్ ని నాలుగైదు సార్లు తొక్కి గట్టిపడినాక కాలు అట్టనే పెట్టి స్టార్ట్ కొట్టండి, పెడల్ రవ్వంత కిందికి దిగితే పని చేస్తా ఉన్నట్టు.

చక్రాల కాడ పని

వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, ముందు జాకీతో లేపి స్టాండ్ల మీద దించండి. ఇటుకలు పెట్టబాకండి, అవి చెప్పకుండా పగలతాయి. చక్రం, డ్రమ్ము, హబ్బు, బ్యాక్ ప్లేటు వరసగా ఊడదీస్తా పోతే స్టబ్ యాక్సిల్ బయటపడతది. ఇక్కడ దాకా వచ్చినాక ముందు చక్రం అటూ ఇటూ తిరిగే కీళ్ళు, కింగ్ పిన్ను, ట్రనియన్ చూసుకోకపోతే పాపం తగలతది, అంబాసిడర్ ముందు చక్రం ఒరిగిపోయి రోడ్డు మీద కూర్చున్న బొమ్మ మనందరం చూసిందే, అది ఎక్కువగా ట్రనియన్ మరలు అరిగిపోయినందువల్లే. అరిగి ఉంటే మార్చండి, గట్టి బ్రేకులు పెట్టి లూజు ట్రనియన్ తో తిరగడం కన్నా డ్రమ్ములే నయం.

హబ్బులో కొత్త బేరింగులు, కొత్త ఆయిల్ సీల్, కొత్త గ్రీజు. టేపర్ బేరింగ్ అయితే నట్టు బిగిస్తా హబ్బుని చేత్తో తిప్పి, బరువు తెలిసినాక కాస్త ఎనక్కి వదిలి స్ప్లిట్ పిన్ను పెట్టాల, ఆడకుండా ఉండాల, పట్టకుండానూ ఉండాల. కొత్త డిస్కుకి తుప్పు పట్టకుండా నూనె పూసి ఇస్తారు, దాన్ని బ్రేక్ క్లీనర్ తో గానీ థిన్నర్ తో గానీ తుడవండి, డీజిల్, కిరసనాయిలు మన షాపుల్లో అన్నిటికీ వాడే మందు కదా, ఇక్కడ వద్దు, ప్యాడ్లకి అంటితే పట్టు పోతది, రబ్బరు కప్పులకి అంటితే ఉబ్బిపోతాయి. డిస్కు బిగించినాక డయల్ గేజీ పెట్టి తిప్పండి, ఒంకర 0.1 ఎంఎం దాటకూడదు, దాటితే పెడల్ కాలు కింద కొట్టుకుంటా ఉంటది. ఎక్కువసార్లు డిస్కు తప్పు కాదు, హబ్బు మీద తుప్పు పొక్కు ఉండి డిస్కు ఒక పక్క లేచి ఉంటది.

ఇప్పుడు పైపులు. ఇది జాగ్రత్తగా చదవండి. పాత అంబాసిడర్ పైపుల కొనల్లో బిగించే యూనియన్ నట్లకి ఇంచీ మరలు, 3/8 ఇంచీ, అంటే 9.5 ఎంఎం. కొత్త రకం మాస్టర్, కాలిపర్లకి 10 ఎంఎం మరలు. పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలవదు, పిచ్ కూడా దాదాపు ఒకటే, పాత నట్టు కొత్త రంధ్రంలోకి సుకంగా ఎక్కతది, బిగిసినట్టే ఉంటది. గట్టిగా తొక్కిన రోజు మరలు తెంపుకోని బయటికి వస్తది. అందుకని నేను పాత పైపులు ఒక్కటి కూడా ఉంచలేదు, నాలుగు చక్రాల దాకా కొత్త బ్రేక్ పైపు ఏయించా. ఏసీ వాళ్ళు వాడే రాగి గొట్టం వాడదాం అని ఒకాయన సలహా ఇచ్చాడు, ఆ గొట్టం బ్రేక్ ప్రెషర్ కి, అదురుడుకి పగులు తీస్తది, బ్రేకుకని అమ్మే స్టీలు పైపే కావాల. పైపు కొనని వెడల్పు చేసే తీరు, డబల్ ఫ్లేరా, బుడగ ఫ్లేరా అనేది, అది ఆనే ఎదుటి సీటుని బట్టి చెయ్యాల, తప్పు జత కారతానే ఉంటది.

ముందు హోస్ పైపులు కొత్తవి ఏసినాక స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, చక్రం గాల్లో వేలాడేటప్పుడూ కింద ఆనినప్పుడూ చూడండి, ఎక్కడా సాగకూడదు, టైరుకి రాసుకోకూడదు.

వెనక డ్రమ్ములు అట్టనే ఉంచండి. బ్రేకేస్తే బరువంతా ముందుకి వస్తది, వెనక డిస్కులు పెట్టి సాధించేది తక్కువ, హ్యాండ్ బ్రేకు తలనొప్పి ఎక్కువ. కానీ వెనక లైన్లో ప్రెషర్ తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టుకోండి, లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు మొదట లాక్ అయ్యి బండి తోక ఇసురుతది. వెనక షూలు కూడా, హ్యాండ్ బ్రేకు దించి, చక్రం సన్నగా రాసే దాకా బిగించి ఒక క్లిక్కు వదలండి. ఇది చెయ్యకుండా పెడల్ కిందికి పోతా ఉందని మాస్టర్ ని తిట్టుకునేవాళ్ళు ఎక్కువ.

బ్రేక్ లైటు స్విచ్ మర్చిపోబాకండి. పాత బండిలో అది ఆయిల్ ప్రెషర్ మీద పనిచేసే స్విచ్, పాత లైన్లోనే ఉంటది, లైను పీకేస్తే స్విచ్ కూడా పోతది. నేను మర్చిపోయా. హైవే మీద సింగరాయకొండ కాడ గొర్రెలు అడ్డం వస్తే ఆపినా, బండి బ్రహ్మాండంగా ఆగింది, వెనక లారీ ఆయనకి మాత్రం నేను ఆగతా ఉన్నట్టు తెలవదు. హారన్ తో పాటు ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, నాదే తప్పు. తర్వాత పెడల్ కాడ మామూలు స్విచ్ పెట్టించా.

ఎయిర్ తియ్యడం

బ్రేక్ ఆయిల్ డబ్బా మీద రకం రాసి ఉంటది, డాట్ 3 గానీ డాట్ 4 గానీ, సీలు తియ్యని డబ్బా. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకునేకొద్దీ అది 155కి కూడా దిగుతది, తీర ప్రాంతంలో తేమకి కొదవేం లేదు కాబట్టి మూత తీసిపెట్టిన డబ్బా వాడొద్దు. రంగు మీద పడితే తినేస్తది, పక్కన నీళ్ళు పెట్టుకోండి, పడంగానే కడగండి.

కొత్త మాస్టర్ ని బండికి పెట్టకముందే వైస్ లో పట్టి, రెండు పోర్టుల నుంచి సన్న గొట్టాలు డబ్బాలోకే ఏసి, బుడగలు ఆగేదాకా మెల్లగా నొక్కండి. తర్వాత బండి మీద మాస్టర్ కి దూరంగా ఉన్న చక్రం మొదట, మన స్టీరింగ్ కుడి వైపు కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. ఒకరు తొక్కాల, ఒకరు చక్రం కాడ గాలి బయటికి వదిలే నిపుల్ కాడ. తొక్కి పట్టు అంటే తొక్కి పట్టాల, నిపుల్ మూసినాక వదులు అంటేనే వదలాల, ముందే వదిలితే బయట గాలి లోపలికి లాక్కుంటది. డబ్బాలో ఆయిల్ అయిపోనియ్యబాకండి.

నేను చేసిన గొప్ప పని ఇప్పుడు చెప్తా. కాలిపర్లు నేనే బిగించినా, భాయ్ నమాజుకి పోయినప్పుడు, ఆయన వచ్చేలోపు చూపిద్దామని. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఎయిర్ తీశాం, మూడు డబ్బాల ఆయిల్ పోయింది, పెడల్ మాత్రం స్పాంజి మాదిరే ఉంది. మాస్టర్ పోయిందని అనుకుంటా ఉండాం. పక్క షాపులో ఒక ముసలి మేస్త్రి టీ తాగతా వచ్చి చక్రం కాడ గొంతుకూర్చోని, నవ్వి, ఏందబ్బయా నిపుల్ నేల చూస్తా ఉండాది అన్నాడు. కుడి కాలిపర్ ఎడమకి, ఎడమది కుడికి బిగించినా నేను. నిపుల్ పైన ఉండాల్సింది కిందికి వచ్చింది, గాలేమో కాలిపర్ పైభాగంలో కూర్చోని ఉంది, నెలరోజులు తొక్కినా అది బయటికి రాదు. మార్చి బిగిస్తే పది నిమిషాల్లో పెడల్ గట్టిపడింది. అప్పట్నుంచి ఆటోనగర్లో నన్ను చూస్తే ఆ కుర్రోళ్ళు వేలు కిందికి చూపిస్తారు.

రోడ్డు మీదకి

ఆయిల్ ఎక్కించినాక పెడల్ ని గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టి, మెల్లగా దిగతా ఉందేమో చూడండి, దిగితే ఎక్కడో కారతా ఉంది, జాయింట్లన్నీ పొడి గుడ్డతో తుడిచి వెతకండి. మొదట ఇంటి ముందు నడక స్పీడులో. తర్వాత నేనైతే తెల్లారి ఐదింటికి తుమ్మలపెంట బీచ్ రోడ్డుకి పోయా, ఆ యాలప్పుడు జనం ఉండరు. 50లో పోతా 10కి దించడం, పూర్తిగా ఆపకుండా, మళ్ళా 50కి ఎక్కడం, ఇట్టా ఎనిమిది పది సార్లు, మధ్యలో చల్లారనిస్తా. కొత్త ప్యాడ్లు డిస్కు మీద కూర్చునేదానికి ఇది. కాలిన వాసన కాస్త వస్తది, భయపడబాకండి, వేడి మీద మాత్రం బ్రేకు తొక్కి పట్టుకోని నిలబడబాకండి, ప్యాడు అచ్చు డిస్కు మీద పడతది. ఆ తర్వాత ఖాళీ రోడ్డులో గట్టిగా తొక్కి, ఎవరినన్నా పక్కన నిలబెట్టి ముందు చక్రాలు మొదట లాక్ అవతా ఉండాయా వెనకవా అని చూపించుకోండి. వెనకవి మొదట లాక్ అయితే ప్రపోర్షనింగ్ వాల్వు ఇంకో చుట్టు తగ్గించాల. బండి ఒక పక్కకి లాగితే ఆ పక్కది బాగా పడతా ఉన్నట్టు, రెండో పక్క పిస్టన్ పట్టేసి ఉండొచ్చు.

వంద కిలోమీటర్లకి చక్రం నట్లు, కాలిపర్ బోల్టులు మళ్ళీ బిగించి చూడండి. మూడు నాలుగు రోజులు కదలకుండా పెడితే మా గాలికి డిస్కు మీద ఎర్రటి తుప్పు పొర వస్తది, నాలుగు బ్రేకులకి పోతది, దానికి కంగారు పడి షాపుకి పోవద్దు.

కాగితాల మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేటట్టు బండిని మార్చకూడదు, బ్రేకుల రకం ఆర్సీలో రాయరు గానీ ముందే మీ ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్స్ వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పి పెట్టుకోండి. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రెన్యువల్ కి ఎట్టా పోవాల్సిందే. మీ బండి 50 ఏళ్ళు దాటి, 2021లో వచ్చిన రూల్స్ కింద వింటేజ్ గా, వీఏ నంబరుతో రిజిస్టర్ చేయించుకోవాలనే ఆలోచన ఉంటే ఆగండి, దానికి బండి పుట్టినప్పటి రూపంలో ఉండాల.

అందుకే పీకిన సామాను తుక్కుకి ఎయ్యబాకండి. నా డ్రమ్ములు, బ్యాక్ ప్లేట్లు, ఫ్లోర్ కింద మాస్టర్ సిలిండర్ గ్రీజు పూసి గోతంలో కట్టి మేడ మెట్ల కింద పెట్టినా, మా అమ్మ దాని మీద ఊరగాయ జాడీ పెట్టింది.